వామపక్ష కవి బెకెట్‌ను ఎందుకు అనువదించినట్టు? కడమ్మనిట్ట రామకృష్ణన్ గురించి ఒక సందేహం

మునగపాక_మూర్తి
ఈ నెలాఖరున మా ఊరి గ్రంథాలయంలో పొరుగు భాషల వామపక్ష కవుల మీద ప్రసంగించమని నన్ను అడిగారు. మలయాళం నుంచి కడమ్మనిట్ట రామకృష్ణన్‌ను ఎంచుకున్నాను. ఆయన 1935లో పత్తనంతిట్ట దగ్గర కడమ్మనిట్ట అనే పల్లెలో పుట్టి, ఆ ఊరి పేరునే కవిగా తన పేరు చేసుకుని, 2008 మార్చి 31న కన్నుమూశారు. ‘కురత్తి’ (ఎరుకలసాని), ‘కాట్టాళన్’ (అడవి మనిషి), ‘కిరాతవృత్తం’ వంటి కవితలు కేరళలో అక్షరం రానివారి నోళ్లలో కూడా నానాయి. వామపక్ష రచయితల సంఘమైన పురోగమన కళా సాహిత్య సంఘానికి అధ్యక్షులుగా ఉన్నారు. 1996లో ఆరన్ముళ నుంచి వామపక్షాల తరఫున శాసనసభకు ఎన్నికయ్యారు. ఇంతవరకు నాకు చిక్కేమీ లేదు.

చిక్కంతా ఆయన అనువాదాల దగ్గర వచ్చి పడింది. మరో మలయాళ కవి సచ్చిదానందన్ వామపక్ష రచయితలైన నెరూడాను, బ్రెక్ట్‌ను మలయాళంలోకి తెచ్చారంటే వామపక్ష కవి చేయవలసిన పనే చేశారని సభలో సులువుగా చెప్పవచ్చు. కడమ్మనిట్ట మాత్రం శామ్యూల్ బెకెట్ రాసిన ‘వెయిటింగ్ ఫర్ గోడో’ నాటకాన్నీ, మెక్సికో కవి ఒక్టావియో పాజ్ దీర్ఘకవిత ‘సన్‌స్టోన్’నూ ఎంచుకున్నారు. ‘గోడో’ వంటి అసంబద్ధ నాటకమంటే క్షీణ సంస్కృతి లక్షణమని మన విమర్శకులు కొట్టిపారేసిన రోజులు నాకు బాగా గుర్తున్నాయి. ఆయన రాజకీయం వేరు, సాహిత్యాభిరుచి వేరు అనుకోవడం తప్ప నాకు మరో దారి కనిపించడం లేదు. మీరేమంటారు?

కొల్లేటి_కొంగ
రాజకీయం వేరు, అభిరుచి వేరు అనడం ఆయనకు అన్యాయం చేయడమే అవుతుంది. జీవితమంతా ఒక్క గొంతుతో పాడిన మనిషిని మనం రెండు ముక్కలు చేయకూడదు.

పాళయం_ప్రసాదు
ఉద్యోగరీత్యా తిరువనంతపురంలో చాలాకాలంగా ఉంటున్నాను కనుక నాకు తెలిసినంతలో వివరంగా చెబుతాను. మూర్తిగారి ప్రశ్నకు జవాబు పుస్తకాలలో కంటే ముందు కడమ్మనిట్ట ఊరిలోనే దొరుకుతుందని నా నమ్మకం.

ఆ ఊరి అమ్మవారి గుడిలో ఏటా ఏప్రిల్‌లో, అంటే వాళ్ల మేడమాసం మొదట్లో, రాత్రిపూట పడయణి అనే ఆరాధన నృత్యం జరుగుతుంది. దారికాసురుణ్ణి చంపిన తరువాత కూడా చల్లారని భద్రకాళి కోపాన్ని శివుని భూతగణాలు ఆడి పాడి శాంతింపజేశాయన్నది దాని వెనక కథ. పోకచెట్టు మట్టలను కోసి, పైపచ్చను చెక్కి, అడుగున బయటపడే తెలుపు మీద నలుపు, ఎరుపు, పసుపు రంగులతో కళ్లూ కోరలూ దిద్దుతారు. ఆ మట్టలను కుట్టి కట్టిన పెద్ద ముఖాలను కోలములంటారు. యక్షి, పక్షి, మరుత, కాలుడు, భైరవి, ఇలా ఒక్కొక్కటీ కాగడాల వెలుగులో ఆడుతుంది. వాయించే వాద్యాన్ని ‘తప్పు’ అంటారు. మన డప్పు మాదిరిగానే దాన్ని మంట దగ్గర కాచి, చర్మం బిగిసి గంట మోగినట్టు మోగే దాకా పదును చేస్తారు. నేను చూసిన రాత్రి, వాద్యగాళ్లు ఎండుటాకుల మంట చుట్టూ వంగి, తప్పును వేళ్లతో తట్టి, చెవికి ఆనించి విని, మళ్లీ మంటకు చూపడం చాలాసేపు సాగింది. జనం కూడా అంత ఓపికగానూ నిలబడి చూశారు.

రామకృష్ణన్ తండ్రి పడయణి కళాకారుడు. పిల్లవాడిగా ఆయన విన్న మొదటి కవిత్వం అదే. కాబట్టి ‘కురత్తి’లోని నడక ఆయన ఏదో ఛందోగ్రంథం చూసి తెచ్చుకున్నది కాదు.

ఎర్రచందనం
ప్రసాదుగారు చెప్పినదంతా కళ్లకు కట్టింది గాని, మూర్తిగారి ప్రశ్న బెకెట్ గురించి కదా. పడయణికీ గోడోకూ ఉన్న సంబంధమేమిటో ఇంకా నాకు అందలేదు.

పాళయం_ప్రసాదు
అక్కడికే వస్తున్నాను. కాలుని కోలం ఆడేది మార్కండేయుని కథ. మృత్యువు ఎదురుగా నిలబడి ఉండగా కుర్రవాడు ప్రాణభిక్ష కోసం వేడుకుంటూ ఉంటాడు. ఆ కొద్దిపాటి గడువును రాత్రి వేళ చాలాసేపు సాగదీసి పాడుతారు. కథ ఎలా ముగుస్తుందో తెలిసి కూడా అక్కడి వాళ్లు కదలకుండా చూస్తారు. ఖాళీ రంగస్థలం మీద ఇద్దరు మనుషులు ఎవరికోసమో ఎదురుచూసే నాటకం అలాంటి ప్రేక్షకుల మధ్య పెరిగినవాడికి పరాయిదిగా తోచి ఉండదని నా అభిప్రాయం.

డాబాగార్డెన్స్_శారద
నేను కాలేజీలో ఇంగ్లీషు సాహిత్యం చెబుతాను, ఏటా ‘గోడో’ పాఠం చెప్పవలసి వస్తుంది. మూర్తిగారు ‘క్షీణ సంస్కృతి’ అన్న విమర్శను ప్రస్తావించారు కనుక రెండు సంగతులు గుర్తుచేస్తాను. బెకెట్ నాజీల ఆక్రమణలో ఉన్న పారిస్‌లో ప్రతిఘటన దళంలో పనిచేశారు, దళం గుట్టు బయటపడడంతో దక్షిణాన రూసియోన్ అనే పల్లెకు పారిపోయి నాజీల ఆక్రమణ తొలగే దాకా అక్కడే తలదాచుకున్నారు. ఆ తరువాత 1948, 49 సంవత్సరాలలో రాసిన నాటకం ఇది. పట్టుబడతామేమో అన్న భయంతో, వస్తుందో రాదో తెలియని విడుదల కోసం కాచుకుని కూర్చున్న మనిషి రాసిన నాటకంగా చదివితే అది మరోలా కనిపిస్తుంది.

ఇక రెండోది. 1957లో అమెరికాలోని సాన్ క్వెంటిన్ జైలులో ఖైదీల ముందు ఈ నాటకం వేశారు. నగరాలలో చదువుకున్న ప్రేక్షకులు అర్థం కాలేదని మధ్యలో లేచిపోయిన నాటకాన్ని ఖైదీలు చివరి దాకా నిశ్శబ్దంగా చూశారు. ఎదురుచూపు అంటే ఏమిటో వాళ్లకు ఎవరూ వివరించనక్కరలేకపోయింది. నాటకంలో పోజో అనే యజమాని తన బానిస లక్కీని తాడు కట్టి లాక్కుంటూ వచ్చే దృశ్యాన్ని మా విద్యార్థులు, ముఖ్యంగా పల్లెల నుంచి వచ్చినవాళ్లు, మొదటిసారి చదివినప్పుడే పాలేరుతనమని గుర్తుపడతారు. ‘కురత్తి’ రాసిన కవి ఆ తాడును చూడకుండా ఉండగలడా?

కొల్లేటి_కొంగ
శారదగారి ఆఖరి వాక్యంతో ఈ చర్చలో సగం తేలిపోయింది.

ఎర్రచందనం
తేలిపోలేదండీ. బెకెట్ ప్రతిఘటన దళంలో పనిచేసినంత మాత్రాన ఆయన నాటకం ప్రతిఘటన నాటకం కాదు. రచయిత జీవితాన్ని తెచ్చి రచనకు పూత పూయడం మంచి పద్ధతి కాదు. పైగా పాజ్ సంగతి ఎవరూ మాట్లాడలేదు. సోవియట్ నిర్బంధ శిబిరాలను బహిరంగంగా విమర్శించి, వామపక్ష రచయితలతో జీవితాంతం తగవు పెట్టుకున్న కవి ఆయన. నెరూడాతో ఆయన విభేదం లోకమెరిగినది. నెరూడాను వదిలి పాజ్‌ను అనువదించడమంటే అది ఒక నిర్ణయమే కదా? దాన్ని దాటవేయకండి.

పాత_మద్రాసు
పాజ్ గురించి నేను కొంత చెప్పగలను. 1937లో స్పెయిన్ అంతర్యుద్ధం నడుస్తుండగా, ఫాసిజానికి వ్యతిరేకంగా వాలెన్సియాలో జరిగిన రచయితల మహాసభకు ఆయన కుర్రవాడిగా వెళ్లారు. ఆ జ్ఞాపకమే ‘సన్‌స్టోన్’ నడిబొడ్డున నిలిచింది. మాడ్రిడ్, 1937 అని చెప్పి, ఒక కూడలిలో స్త్రీలు బట్టలు కుట్టుకుంటూ పిల్లలతో కలిసి పాడుకుంటూ ఉండగా సైరన్ మోగడం, ఇళ్లు కూలడం, ఆ నడుమ ఇద్దరు ప్రేమికులు ఒకరినొకరు హత్తుకోవడం అందులో కనిపిస్తాయి. 1962 నుంచి ఆయన మన దేశంలో మెక్సికో రాయబారిగా ఉన్నారు. 1968 అక్టోబరు 2న మెక్సికో నగరంలోని త్లాతెలోల్కో కూడలిలో ప్రభుత్వ బలగాలు విద్యార్థులను కాల్చి చంపినప్పుడు ఢిల్లీలో ఉంటూనే ఆ పదవిని వదులుకున్నారు. ఎర్రచందనంగారు చెప్పిన విభేదాలన్నీ నిజమే గాని, ఈ సంగతులు కూడా అంతే నిజం.

కవిత నిర్మాణం గురించి కూడా ఒక మాట. శుక్రగ్రహం మన కంటికి ఒక ఆవృత్తి పూర్తిచేయడానికి 584 రోజులు పడుతుందని మెక్సికో పూర్వవాసులు లెక్కగట్టారు. పాజ్ సరిగ్గా 584 పంక్తులు రాసి, మొదలుపెట్టిన పంక్తులతోనే కవితను ముగించారు. అది రాత్రంతా తిరిగి తిరిగి సాగే ఒక కర్మకాండ నడక. పడయణి పాటల మధ్య పెరిగిన కవి చెవి ఆ నడకను పట్టుకోకపోతేనే ఆశ్చర్యపడాలి.

మునగపాక_మూర్తి
పాత మద్రాసుగారూ, త్లాతెలోల్కో సంగతి నా ప్రసంగానికి చాలా పనికివస్తుంది. మద్రాసు ప్రస్తావన వచ్చింది కనుక అడుగుతున్నాను, కడమ్మనిట్ట కొంతకాలం అక్కడ పనిచేశారని చదివాను. ఆ కాలం గురించి ఎవరికైనా తెలుసా?

పాత_మద్రాసు
1959లో ఆయన తపాలా శాఖ ఆడిట్ అండ్ అకౌంట్స్ విభాగంలో చేరారు. మద్రాసులో కొన్నేళ్లు చేసి, 1967లో తిరువనంతపురం వెళ్లి, 1992లో పదవీ విరమణ చేసే దాకా అక్కడే ఉన్నారు. ఆ రోజుల్లో మద్రాసులో ఎం. గోవిందన్ అనే రచయిత ఉండేవారు. ‘సమీక్ష’ పత్రిక నడుపుతూ, కేరళ నుంచి వచ్చిన కుర్ర రచయితలకూ చిత్రకారులకూ పెద్దదిక్కుగా నిలిచారు. ప్రపంచ సాహిత్యంతో, ఆధునిక చిత్రకళతో ఆ తరానికి పరిచయం జరిగిన చోట్లలో మద్రాసు ఒకటి. పల్లె నుంచి నేరుగా వచ్చిన జానపద గాయకుడిగా కడమ్మనిట్టను చూపించే వ్యాసాలు ఈ మద్రాసు సంవత్సరాలను వదిలేస్తాయి. అది నాకు ఎప్పుడూ కష్టంగానే ఉంటుంది.

లెక్కల_సుబ్బారావు
నేనూ ఆడిట్ ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ణి. పొద్దస్తమానం ఓచర్లు సరిచూసిన కళ్లకు సాయంత్రం కవిత్వం వైపు తిరగడం ఎంత కష్టమో నాకు తెలుసు. ముప్పయ్యేళ్లకు పైగా ఆ బల్ల దగ్గర కూర్చుని కూడా ‘కాట్టాళన్’ వంటి కవిత రాసిన మనిషికి నమస్కారం చేయాలనిపిస్తుంది.

ఎర్రచందనం
సుబ్బారావుగారి మాట మనసుకు తాకింది. అయినా నా ప్రశ్న అలాగే ఉంది.

మన్యం_మాస్టారు
పాడేరు వైపు గిరిజన పాఠశాలలో తెలుగు చెబుతున్నాను. అందరూ అనువాదాల దగ్గరే ఆగిపోయారు గనుక ‘కురత్తి’ గురించి నాలుగు మాటలు చెబుతాను. ఎరుకలసాని మనకు కొత్త మనిషి కాదు. కొరవంజి వేషంగా మన యక్షగానాలలో, కూచిపూడి వారి ప్రదర్శనలలో ఆమె ఎప్పటి నుంచో ఉంది. బుట్ట పట్టుకుని వస్తుంది, తన కొండల గొప్పలు పాడుతుంది, నాయిక చెయ్యి పట్టి చూసి, నీ ప్రియుడు వస్తాడని సోది చెప్పి, కానుక పుచ్చుకుని వెళ్లిపోతుంది. ఆమె ఆకలి గురించి ఎవరూ అడగరు.

కడమ్మనిట్ట కవితలో కురత్తి కొండగుహ నుంచి దిగి వస్తుంది గాని సోది చెప్పదు. ఎదురుగా కూర్చున్నవాళ్లను నిలదీస్తుంది. నా నల్లని బిడ్డలను కాల్చుకు తింటున్నారా, వాళ్ల నిండిన కళ్లను పెకలిస్తున్నారా, మా సమాధులు తవ్వుతున్నారా అని అడిగి, మీరు మీరెలా అయ్యారో ఒకసారి గుర్తు చేసుకోండి అంటుంది. నేను దీన్ని నాకు చేతనైన తెలుగులో తొమ్మిదో తరగతికి చదివి వినిపించాను. తరగతి నిశ్శబ్దమైపోయింది. ఒక పిల్ల నిలబడి, ‘ఆమె ఎవరిని అడుగుతోంది సార్, మిమ్మల్నా?’ అని అడిగింది. ‘అవునమ్మా, నన్ను కూడా’ అన్నాను.

డాబాగార్డెన్స్_శారద
మాస్టారూ, మీ అనువాదాన్ని ఇక్కడ పెట్టగలరా?

మన్యం_మాస్టారు
మూలం హక్కుదారుల అనుమతి లేకుండా మొత్తం పెట్టడం సబబు కాదని వెనుకాడుతున్నానమ్మా.

పొయ్యిలో_నిప్పు
ఈ చర్చ అంతా భక్తిగా సాగుతోంది కనుక నేను వేరే మాట చెప్పవలసి వస్తోంది. కురత్తి గొంతుతో మాట్లాడినవాడు పై కులమైన నాయర్ కుటుంబంలో పుట్టిన ప్రభుత్వ ఉద్యోగి. అడవి మనిషి కోపాన్ని అడవి బయటివాడు పాడితే దానికి పురస్కారాలు వస్తాయి, 1982లో కేరళ సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది కూడా. అదే పత్తనంతిట్ట జిల్లాలో ఇరవిపేరూరులో పుట్టిన పొయ్‌కయిల్ యోహన్నాన్, దళితుల కోసం ప్రత్యక్ష రక్షా దైవ సభను స్థాపించినవాడు, తన వంశం గురించి ఒక్క అక్షరం కూడా చరిత్రలో కనబడడం లేదని ఎన్నో దశాబ్దాల ముందే పాడాడు. 1939లో ఆయన చనిపోయిన తరువాత చాలా కాలానికి గాని మలయాళ కవిత్వ చరిత్రలో ఆ పాటలకు చోటు దొరకలేదు. మూర్తిగారి ప్రసంగంలో ఆ పేరు ఉంటుందా?

మన్యం_మాస్టారు
మీ ప్రశ్న న్యాయమైనది. అయితే మా తరగతిలో ఆ పిల్ల కవి కులం అడగలేదు, కవిత తనవాళ్ల గురించే అని గుర్తుపట్టింది. ఆ గుర్తింపును కూడా లెక్కలోకి తీసుకోవాలని మాత్రమే నా మనవి.

పొయ్యిలో_నిప్పు
తీసుకుంటాను మాస్టారూ. ఆ పిల్ల రేపు తన కవిత తాను రాసుకున్నప్పుడు దాన్ని ఎవరు అచ్చువేస్తారన్నదే నా బాధ.

పాళయం_ప్రసాదు
పొయ్యిలో నిప్పుగారి మాటకు అనుబంధంగా ఒకటి చెబుతాను. పడయణి ఉద్దేశం అమ్మవారి కోపాన్ని చల్లార్చడం. కడమ్మనిట్ట అదే తాళాన్ని తీసుకుని కోపాన్ని చల్లారనివ్వకుండా వాడారు. గుండె మీద కాగడా గుచ్చుకుని నిలబడిన ఆయన కాట్టాళన్ చివరికి కూడా శాంతించడు. పుట్టుకతో వచ్చిన కళను పుట్టుకతో వచ్చిన స్థానానికి ఎదురు తిప్పడం అందులో ఉంది. దానివల్ల పొయ్‌కయిల్ యోహన్నాన్‌కు జరిగిన అన్యాయం తీరదు, ఆ సంగతి నేను ఒప్పుకుంటాను.

కొల్లేటి_కొంగ
ఆయన శాసనసభ్యుడిగా ఏమి చేశారో ఎవరైనా చెబుతారా? కవులు పదవులలోకి వెళితే కవిత్వం ఆగిపోతుందన్నది మా నాన్నగారి గట్టి అభిప్రాయం.

పాళయం_ప్రసాదు
1996లో ఆరన్ముళలో ఆయన ఓడించినది ఎం.వి. రాఘవన్‌ను. రాఘవన్ ఒకప్పుడు మార్క్సిస్టు పార్టీలో పెద్ద నాయకుడు. 1986లో పార్టీ బహిష్కరించగా వేరే పార్టీ పెట్టుకుని, కాంగ్రెస్ కూటమిలో చేరి మంత్రి అయ్యారు. 1994 నవంబరులో ఆయన కూత్తుపరంబకు వచ్చినప్పుడు జరిగిన పోలీసు కాల్పులలో మార్క్సిస్టు పార్టీ యువజన సంఘమైన డీవైఎఫ్ఐకి చెందిన ఐదుగురు యువకులు చనిపోయారు. ఆ గాయం పచ్చిగా ఉండగా జరిగిన ఎన్నిక అది. అటువంటి అభ్యర్థికి ఎదురుగా, రాజకీయాలలో ఏ పదవీ చేయని స్థానిక కవిని పార్టీ నిలబెట్టింది. నాయనార్ ముఖ్యమంత్రిగా ఉన్న ఆ ఐదేళ్లూ ఆయన సభలో ఉన్నారు. ప్రణాళికా నిధులలో మూడో వంతుకు పైగా పంచాయతీలకూ పురపాలక సంఘాలకూ ఇచ్చిన జనకీయ ప్రణాళిక ఆ కాలం నాటిదే. శాసనసభ్యుడిగా ఆయన కవిత్వం తగ్గిందా అంటే, ఆయన గొప్ప కవితలు చాలావరకు అంతకు ముందువే. కాని సభలలో గొంతెత్తి పాడడం మాత్రం ఆగలేదు. కేరళ గ్రంథాలయ కౌన్సిల్‌కు కూడా అధ్యక్షులుగా పనిచేశారు.

లెక్కల_సుబ్బారావు
కొల్లేటి కొంగగారి నాన్నగారికి మఖ్దూం మొహియుద్దీన్‌ను గుర్తుచేయండి. తెలంగాణ పోరాటంలో ఉన్న కవి, హుజూర్‌నగర్ నుంచి శాసనసభకు ఎన్నికయ్యారు. కవిత్వం ఆయనను వదలలేదు.

డాబాగార్డెన్స్_శారద
గొంతెత్తి పాడడం గురించి ప్రసాదుగారు చెప్పారు కాబట్టి, దానిని ఇంకొంచెం పట్టించుకోవాలని కోరుతున్నాను. డెబ్బైలలో కవి అయ్యప్ప పణికర్, నాటకకర్త కావాలం నారాయణ పణికర్ వంటివారితో పాటు ఆయన కవిత్వాన్ని అచ్చు నుంచి బయటికి తెచ్చి, గొంతుతోనూ ఒంటితోనూ చూపించే సభలు జరిపారు. వాటిని చొల్‌కాళ్చ అన్నారు. ఆయన చదువుతుండగా తీసిన రికార్డింగులు యూట్యూబులో ఉన్నాయి. మలయాళం రాని నేను ‘కోళి’ అనే కవితను మొదట అర్థం తెలియకుండానే విన్నాను. తల్లికోడి పిల్లలకు చెప్పే జాగ్రత్తలు అవి. రెండు పక్కలా కన్ను ఉండాలి, పైనా కిందా కన్ను ఉండాలి, కన్ను లోపల ఆరిపోకుండా మండే లోకన్ను కూడా ఉండాలి అంటుంది. ‘కన్ను’ అన్నప్పుడల్లా ఆ గొంతు ఒక్కొక్క మెట్టు పైకి వెళుతుంది. పిల్లలకు నేర్పే పాటలాగా మొదలై, హెచ్చరికగా మారడం వినే మనిషికి స్పష్టంగా తెలుస్తుంది.

ఇక్కడే ఎర్రచందనంగారికి నా జవాబు కూడా ఉంది. నాటకాన్ని గొంతుతో వినే కవి అనువదించడానికి నినాదాలు వెతకడు, పలికించదగిన మాట వెతుకుతాడు. గోడోలోని చిన్న చిన్న సంభాషణలు, వాటి నడుమ మౌనాలు, లక్కీ ఒక్క ఊపిరిలో వదిలే ఆ పిచ్చి ప్రసంగం, ఇవన్నీ పలికేవాడికి పండుగ.

ఎర్రచందనం
శారదగారి జవాబు ఇంతవరకు వచ్చినవాటిలో నాకు ఎక్కువ నచ్చింది, ఎందుకంటే అది ఆయన పనిలోనుంచి వచ్చింది. అయినా ఒక మాట నిలుపుకుంటాను. వామపక్ష సంఘానికి అధ్యక్షుడైన కవి బెకెట్‌ను అనువదించాడంటే, ఆ సంఘంలో అందరూ దాన్ని సంతోషంగా తీసుకుని ఉంటారని అనుకోలేను. ఆ పని చేసే స్వేచ్ఛ ఆయన తన ప్రజాదరణ వల్ల సంపాదించుకున్నాడు. అంత ఆదరణ లేని చిన్న కవికి మన సంఘాలలో ఆ స్వేచ్ఛ దొరికిందా? మూర్తిగారు ఆ సభలో ఇది కూడా అడగాలి.

కొల్లేటి_కొంగ
తప్పకుండా అడగాలి. నేను ఆ ఊరి దగ్గరే ఉంటే సభకు వచ్చి నేనే అడిగేదాన్ని.

మునగపాక_మూర్తి
రాజకీయం వేరు, అభిరుచి వేరు అన్న మాటను ప్రసంగంలో నుంచి తీసేస్తున్నాను. పొయ్‌కయిల్ యోహన్నాన్‌తో మొదలుపెట్టి, అదే జిల్లా నుంచి కడమ్మనిట్టకు వచ్చి, తరువాత గోడోకూ పాజ్‌కూ వెళ్లాలని అనుకుంటున్నాను. ఎర్రచందనంగారి ప్రశ్నను చివర్లో సభ ముందు పెడతాను. గ్రంథాలయంలో మైకు, స్పీకరు ఉన్నాయి గనుక ఆయన గొంతు వినిపించవచ్చు. అయితే ఏ కవిత వినిపించాలి, తెలుగు అర్థం ముందు చెప్పాలా, తరువాత చెప్పాలా?

డాబాగార్డెన్స్_శారద
‘కోళి’ చిన్నది, అదే వినిపించండి. ముందు అర్థం చెప్పకండి. ఒకసారి పూర్తిగా విననిచ్చి, తరువాత తెలుగులో చదివి, మళ్లీ ఒకసారి వినిపించండి.

మన్యం_మాస్టారు
పిల్లలు వస్తే ముందు వరుసలో కూర్చోబెట్టండి మూర్తిగారూ. ‘కురత్తి’కి నేను చేసిన తెలుగు చేతిరాత ప్రతి మీకు విడిగా పంపుతాను. సభలో చదవడానికి మాత్రమే వాడండి, అచ్చు వేయవద్దు.